కంపెనీ పేరున కారు కొంటే పన్ను ఎంత మిగులుతుంది, ఎక్కడ పోతుంది

“కంపెనీ పేరు మీద తీసుకోండి సార్, జీఎస్టీ మొత్తం వెనక్కొచ్చేస్తుంది” అని షోరూమ్‌లో చెబుతారు. రాదు. డ్రైవర్‌తో కలిపి 13 మంది వరకు కూర్చునే ప్రయాణికుల వాహనంపై కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) లేదని కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 17(5) తేల్చి చెప్పింది. ట్యాక్సీలు తిప్పేవారికి, డ్రైవింగ్ స్కూళ్లకు, కార్లు అమ్మే డీలర్లకు మాత్రమే మినహాయింపు. మిగతావారికి కారు మీదే కాదు, దాని ఇన్సూరెన్స్, సర్వీసింగ్, రిపేర్ల మీద కట్టిన జీఎస్టీ కూడా రాదు. సర్వీస్ బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు పడగానే ఆ పన్ను జీఎస్టీ పోర్టల్‌లో కనిపిస్తుంది, అకౌంటెంట్ అలవాటుగా క్రెడిట్ తీసేసుకుంటాడు. తర్వాత నోటీసు వస్తే వడ్డీతో కట్టాలి.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు, అంటే 4 మీటర్ల పొడవు మించకుండా పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్నవాటికి జీఎస్టీ 18 శాతం. పెద్ద కార్లకు 40, ఎలక్ట్రిక్ కార్లకు 5. ఈ పన్నంతా కారు ఖరీదులో కలిసిపోతుంది. సరుకు మోసే టాటా ఏస్ లాంటి బండి కొంటే కథ వేరు: 18 శాతం పూర్తిగా క్రెడిట్‌గా వస్తుంది. అయితే క్రెడిట్ తీసుకున్న మొత్తాన్ని ఖరీదులో కలిపి తరుగుదల (ఆస్తి విలువలో ఏటా తగ్గే భాగాన్ని ఖర్చుగా చూపడం) కూడా వేసుకుంటే ఆ క్రెడిట్ చెల్లదు.

ఇక ఆదాయపు పన్ను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. కింద చెప్పిన సెక్షన్లు, ఫారం నంబర్లు ఆడిటర్లందరికీ బాగా అలవాటైన పాత 1961 చట్టంవి.

మొదటి పని బోర్డు తీర్మానం. కారు కొనడానికి, లోన్ తీసుకోవడానికి, ఎవరు సంతకం చేస్తారో అందులో రాయాలి. ఇన్‌వాయిస్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ మూడూ కంపెనీ పేరునే ఉండాలి. తెలంగాణలో కంపెనీ కారుకు లైఫ్ ట్యాక్స్ శాతం వ్యక్తుల కన్నా ఎక్కువ కాబట్టి, డబ్బు కంపెనీది పెట్టి ఆర్‌సీ డైరెక్టర్ పేరున చేయించేవారున్నారు. ఆ రెండు శాతమో ఎంతో మిగిల్చుకోబోయి పెద్ద చిక్కు తెచ్చుకున్నట్టే. ఆ డైరెక్టర్‌కి 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఓటింగ్ వాటా ఉంటే, కంపెనీ పెట్టిన సొమ్మును అతనికిచ్చిన అప్పుగా చూసి సెక్షన్ 2(22)(ఇ) కింద డివిడెండ్‌గా పన్ను వేయొచ్చు. కోటేషన్ మొదటి నుంచీ కంపెనీ పేరునే అడగండి, లైఫ్ ట్యాక్స్ తేడా అప్పుడే తెలుస్తుంది.

చెల్లింపులన్నీ కంపెనీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి. ఒకే రోజు ఒకరికి 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే ఆ మొత్తం కారు ఖరీదులో లెక్కకు రాదు, దాని మీద తరుగుదల ఎప్పటికీ దొరకదు. బుకింగ్ రోజున జేబులోంచి 25,000 ఇచ్చేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. కారు ధర 10 లక్షలు దాటితే డీలర్ 1 శాతం టీసీఎస్, అంటే కొన్నవారి ఆదాయపు పన్ను కింద ముందుగా జమయ్యే సొమ్ము, వసూలు చేస్తాడు. అతనికి కంపెనీ పాన్ ఇవ్వాలి. డైరెక్టర్ పాన్ ఇస్తే క్రెడిట్ డైరెక్టర్ ఖాతాకు పోతుంది.

ఆన్‌రోడ్ ధర మొత్తాన్ని ఆస్తి కింద రాసేయకూడదు. ఎక్స్‌షోరూమ్ ధర, అందులోని జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బిగించిన యాక్సెసరీలు మాత్రమే ఖరీదు. ఇన్సూరెన్స్ ఖర్చు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం ఒకేసారి కడతాం కాబట్టి దాన్ని మూడేళ్లకు పంచాలి. టీసీఎస్ ఖర్చు కాదు, ప్రభుత్వం నుంచి రావలసిన బాకీ.

కారుకు తరుగుదల ఏడాదికి 15 శాతం, మిగిలిన విలువ మీద. ఎలక్ట్రిక్ వాహనాలకు 40, అద్దెకు తిప్పే వాహనాలకు 30. మొదటి ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే. అంటే అక్టోబర్ 3 లోపు కారు రోడ్డెక్కాలి. 4న ఎక్కితే 179 రోజులే అవుతాయి. దసరాకో దీపావళికో డెలివరీ తీసుకుందామనుకునేవారు క్యాలెండర్ ఒకసారి చూసుకోవాలి. బుకింగ్ తేదీ, ఇన్‌వాయిస్ తేదీ కాదు, వాడకం మొదలైన తేదీ లెక్క.

15 లక్షల ఖరీదున్న పెట్రోల్ కారును, తక్కువ పన్ను రేటు ఇచ్చే సెక్షన్ 115బీఏఏ ఎంచుకుని సెస్సు, సర్‌ఛార్జీతో 25.168 శాతం పన్ను కట్టే కంపెనీ కొన్నదనుకుందాం. మొదటి ఏడాది తరుగుదల 2,25,000, రెండో ఏడాది 1,91,250, మూడో ఏడాది 1,62,562. మొత్తం 5,78,812. తగ్గిన పన్ను సుమారు 1,45,675 రూపాయలు. 15 లక్షలు పెట్టి మూడేళ్లలో లక్షన్నర కూడా మిగల్లేదు. పన్ను కోసమే కారు కొనేవారు ముందు ఈ అంకె చూడాలి.

అసలు లాభం రోజువారీ ఖర్చులో ఉంది. పెట్రోలు, డ్రైవర్ జీతం, లోన్ వడ్డీ కంపెనీ ఖర్చు అవుతాయి. జీతం తీసుకునే డైరెక్టర్ ఆఫీసు పనికీ సొంత పనికీ కారు వాడితే ఆ ఖర్చంతా అతని ఆదాయంలో కలపరు, పెర్క్విజిట్‌గా (జీతంతోపాటు ఇచ్చే సౌకర్యం విలువగా) ఒక స్థిర మొత్తమే కలుపుతారు. 2025-26 వరకు ఆ లెక్క 1.6 లీటర్ల లోపు ఇంజిన్‌కు నెలకు 1,800, అంతకు మించితే 2,400, డ్రైవర్‌కు మరో 900. చిన్న ఇంజిన్, డ్రైవర్ ఉంటే ఏడాదికి 32,400. 30 శాతం శ్లాబులో అతను కట్టేది సెస్సుతో సుమారు 10,109 రూపాయలు. ఏ ఏడాది జీతానికి లెక్క వేస్తున్నారో ఆ ఏటి నియమాల్లోని అంకెలు తీసుకోవాలి. ఈ విలువను కూడా కలిపి కంపెనీ జీతం మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి, చాలా చిన్న కంపెనీలు దీన్ని వదిలేస్తాయి. పూర్తిగా ఆఫీసు వాడకమే అంటే లాగ్‌బుక్ కావాలి: తేదీ, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, కంపెనీ ధ్రువపత్రం. ఇంటి నుంచి ఆఫీసుకు వచ్చే ప్రయాణం సొంత వాడకం కింద రాదు.

వడ్డీ విషయంలో ఒక మెలిక. బ్యాంకు లోన్ అయితే టీడీఎస్ బెడద లేదు. లోన్ ఇచ్చింది ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయితే ఏడాది వడ్డీ 10,000 దాటినప్పుడు కంపెనీయే 10 శాతం కోసి కట్టాలి. ఈఎంఐ ఆటో డెబిట్‌లో పూర్తిగా పోతుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు. కోయకపోతే వడ్డీ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు. ఆ ఎన్‌బీఎఫ్‌సీ తన ఆదాయంలో చూపి పన్ను కట్టిందని ఫారం 26ఏ తెచ్చుకుంటే బయటపడొచ్చు. దాని కోసం తిరగడం కన్నా లోన్ తీసుకునేటప్పుడే టీడీఎస్ సొమ్ము ఎలా వెనక్కిస్తారో అడగడం మేలు.

కారు అమ్మేటప్పుడు జీఎస్టీ మళ్లీ వస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ పాత కారు అమ్మితే, అమ్మిన ధరలోంచి తరుగుదల పోను మిగిలిన విలువ తీసేసి, తేడా మీద 18 శాతం కట్టాలి. పై కారును మూడేళ్ల తర్వాత జీఎస్టీ కాకుండా 10,50,000కు అమ్మారనుకోండి. మిగిలిన విలువ 9,21,188, తేడా 1,28,812, జీఎస్టీ 23,186. తేడా మైనస్ అయితే పన్ను లేదు. ఆదాయపు పన్నులో కారు 15 శాతం యంత్రాలున్న బ్లాకులోనే (ఒకే తరుగుదల శాతం ఉన్న ఆస్తుల గుంపులోనే) ఉంటుంది, అమ్మిన ధర ఆ బ్లాకులోంచి తగ్గుతుంది. బ్లాకులో కారు ఒక్కటే ఉంటే తేడా స్వల్పకాలిక మూలధన లాభం అవుతుంది. తక్కువకు అమ్మితే వచ్చేది మూలధన నష్టం, దాన్ని వ్యాపార లాభంలో సర్దుకోనివ్వరు. అలాంటి కంపెనీ పాతది అమ్మే ఏడాదిలోనే కొత్త కారు కొంటే బ్లాకు ఖాళీ కాదు, తరుగుదల కొనసాగుతుంది.