మిల్‌సిమ్‌కు బయలుదేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవలసినవి

మామూలు ఎయిర్‌సాఫ్ట్ ఆటలో, అంటే చిన్న ప్లాస్టిక్ గుండ్లు కాల్చే నకిలీ తుపాకులతో ఆడే ఆటలో, ఏదైనా మరిచిపోతే గంటలో విరామం వస్తుంది, కారు దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటాం. సైనిక చర్యను అనుకరిస్తూ ఆడే మిల్‌సిమ్‌లో ఆ వీలు ఉండదు. 24 గంటలు, 36 గంటలు ఆట ఆగదు. అమెరికాలో మిల్‌సిమ్ వెస్ట్ వారి ఆటలైతే 40 గంటల నిడివికే పేరుపడ్డాయి. మొదటి పది గంటలు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. ఇరవయ్యో గంట దాటాక ఆకలి, చెమట, నిద్రలేమి కలిసి తలను మొద్దుబారుస్తాయి. నేను దగ్గరగా చూసిన ప్రమాదాల్లో ఎక్కువ వాటికి బీబీలు, అంటే గన్ను కాల్చే ఆ గుండ్లు, కారణం కాదు. అలసిన మనిషి అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయమే కారణం. అందుకే కింద చెప్పేవాటిని మైదానంలో ఆలోచించుకోవచ్చులే అని వదిలేయకండి. తల తేటగా ఉన్నప్పుడే, ఇంట్లో కూర్చుని తేల్చేసుకోండి.

ముందు కళ్లు. గాగుల్స్ అద్దం మీద, ఫ్రేము మీద చెక్కిన అక్షరాన్ని చూసి కొనండి. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 166 కింద 6 మిల్లీమీటర్ల, 0.86 గ్రాముల ఉక్కు గుండుతో అద్దాన్ని కొట్టి పరీక్షిస్తారు. ‘ఎఫ్’ గుర్తుకు ఆ గుండు వేగం సెకనుకు 45 మీటర్లు, ‘బి’ గుర్తుకు 120 మీటర్లు. లెక్క వేస్తే ఎఫ్ తట్టుకున్న దెబ్బ శక్తి సుమారు 0.87 జూల్, బి తట్టుకున్నది 6 జూల్‌కు పైమాటే. చాలా మైదానాల్లో మామూలు రైఫిల్‌కే ఒక జూల్ దాటి అనుమతి ఉంటుంది కాబట్టి ఎఫ్ గుర్తుతో సరిపెట్టుకోవద్దు. అమెరికా ప్రమాణం ఉన్నవైతే జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. ఏ గుర్తూ లేని అద్దం చూడటానికి ఎంత దృఢంగా ఉన్నా దాన్ని కంటి ముందు పెట్టుకోకండి. జాలీ గాగుల్స్‌కు ఆవిరి పట్టదు, నిజమే. కానీ దగ్గర నుంచి వచ్చిన బీబీ జాలీకి తగిలి పగిలితే ముక్కలు లోపలికి రావచ్చు. జాలీని నేను నోటికి, దవడకు మాత్రమే వాడతాను. అక్కడ దానికి మించినది లేదు, పళ్లు విరిగినవాళ్లను అడిగితే చెబుతారు.

అద్దం పగలడం అరుదు. ఆవిరి పట్టడం మాత్రం ప్రతి ఆటలో ఉన్నదే. ఒక రాత్రి చినుకుల్లో గట్టు ఎక్కుతుంటే నా పక్కనున్న అతని అద్దం కింది మూలల్లో పాలలాంటి మసక మొదలైంది. పది అడుగులు వేసేసరికి అది మధ్యకు పాకింది. నుదుటి చెమట స్పాంజి అంచుకు చేరి, అక్కడి నుంచి చుక్కలుగా లోపలికి జారుతోంది. అతను ఆగి, గాగుల్స్ తీయడానికి బొటనవేలు పట్టీ కిందికి పోనిచ్చాడు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంది, ఎవరూ లేరనుకున్నాడు. నేను మణికట్టు పట్టుకుని కిందికి లాగిన మరుక్షణం మా తలల పైన ఆకుల మీద బీబీలు చిటపటలాడాయి. అతను అజాగ్రత్త మనిషి కాదు. జట్టులో అందరికంటే నియమం తెలిసినవాడు. అప్పటికి పద్దెనిమిది గంటలుగా మేలుకుని ఉన్నాడు, అంతే.

దీనికి ముందే చేయవలసినవి రెండు. ఒకటి, రెండు పొరల అద్దం గానీ చిన్న ఫ్యాను ఉన్నది గానీ తీసుకోండి. హెల్మెట్, కింది మాస్క్, పూర్తి బరువు వేసుకుని ఇంట్లో అరగంట మెట్లెక్కి దిగండి. ఆవిరి పడితే అక్కడే తెలిసిపోతుంది. కళ్లద్దాలు వాడేవారు గాగుల్స్ లోపల అమర్చే పవర్ అద్దాలు చేయించుకోవడం మంచిది. రెండు, కనిపించకపోతే ఏం చేయాలో ఇప్పుడే నిశ్చయించుకోండి: కూర్చోవాలి, తల నేలకు వంచాలి, చేత్తో గాగుల్స్‌ను ముఖానికి అదిమి పట్టుకోవాలి, జోడీని పిలవాలి, అతని భుజం పట్టుకుని సేఫ్ జోన్‌కు, అంటే కాల్పులు జరగని చోటికి, నడవాలి. ఆట పోతుంది. పోనివ్వండి.

ఇక గన్ను బలం. 0.20 గ్రాముల బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో, అంటే 328 అడుగులతో వెళితే దాని శక్తి సరిగ్గా ఒక జూల్. అదే వేగం 0.30 గ్రాముల బీబీకి ఉంటే ఒకటిన్నర జూల్. కాబట్టి వేగం అంకె ఒక్కటే చూసి తృప్తిపడకండి. గ్యాస్ గన్నులలో, గాలి సిలిండరుతో నడిచే హెచ్‌పీఏ గన్నులలో మరో చిక్కు ఉంది. బరువైన బీబీ బారెల్‌లో ఎక్కువ సేపు ఉండటం వల్ల గాలి దాన్ని ఎక్కువ సేపు నెడుతుంది, శక్తి పెరుగుతుంది. తేలిక బీబీతో క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) పరీక్ష దాటించి బరువు బీబీతో ఆడితే హద్దు మీకు తెలియకుండానే దాటిపోతారు. ఆటలో వాడబోయే బరువుతోనే కొలవండి. హద్దు ప్రతిచోటా ఒకటి కాదు. జపాన్ 2006లో చట్టంలోనే 6 మిల్లీమీటర్ల బీబీకి ఒక జూల్ లోపు హద్దు పెట్టింది. నిర్వాహకులు పంపిన నియమావళిలో రైఫిల్‌కు ఎంత, స్నైపర్‌కు ఎంత, స్నైపర్ కనీసం ఎన్ని మీటర్ల దూరం పాటించాలి అన్నవి చదివి, ఆ దూరాన్ని పగటిపూట అడుగులతో కొలిచి కంటికి అలవాటు చేసుకోండి. చీకట్లో 30 మీటర్లు, 15 మీటర్లు ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. మిల్‌సిమ్‌లో గాయం కూడా ఆటలో భాగమే. దెబ్బ తగిలినవాడు అరుస్తాడు, పడిపోతాడు, మెడిక్, అంటే వైద్యుడి పాత్ర వేసే ఆటగాడు, వచ్చి కట్టు కడతాడు. ఎంత బాగా నటిస్తే అంత మెచ్చుకుంటాం. అందుకే నిజంగా గాయపడినవాడి అరుపు ఎవరికీ వినిపించదు. ఒకసారి మాలో ఒకరు గుంతలో కాలు పడి మడమ దగ్గర బెణికి కూలబడ్డారు. నొప్పి, నొప్పి అని అరుస్తుంటే మా మెడిక్ వచ్చి, నియమం ప్రకారం చేతికి కట్టు చుట్టి, పది నిమిషాల గడియారం మొదలుపెట్టి, ‘అన్నా, అద్భుతంగా చేస్తున్నావు’ అన్నాడు. బూటు పైన వాపు ఉబ్బి లేసులు బిగుసుకోవడం చూశాక గానీ మాకు అర్థం కాలేదు.

బ్రిటన్, కెనడా సైన్యాలు తమ అభ్యాసాల్లో దీనికోసం ‘నో డఫ్’ అనే మాట వాడతాయి. ఇది అభ్యాసం కాదు, నిజం అని దాని అర్థం. మీరు వెళ్లే ఆటలో అలాంటి మాట ఏదో ముందే అడిగి తెలుసుకోండి. తెలుసుకోవడంతో ఆగకండి, జట్టంతా గట్టిగా పలికి చూడండి. ఆ మాట వినబడగానే రెండు పక్షాలూ కాల్పులు ఆపాలి, గన్నులు సేఫ్‌లో పెట్టాలి, ఒకరు మార్షల్‌కు (ఆటను పర్యవేక్షించే మనిషికి) రేడియోలో చెప్పాలి, ఒకరు రాత్రయితే తెల్లని లైటు వెలిగించాలి. ఎవరు ఏది చేస్తారో పేర్లతో సహా రాసుకోండి. గాయపడినవారు మాట్లాడలేని స్థితిలో ఉండవచ్చు కాబట్టి పక్కవారికి అనుమానం కలిగినా చాలు, ఆ మాట అనేయాలి. పొరపాటున ఆట ఆగిందని ఎవరూ నొచ్చుకోకూడదని కూడా ముందే మాట అనుకోండి. ఆట కట్టు వేరు, వైద్యం కట్టు వేరు అని రెండు సంచులు పెట్టుకోండి. రక్తం కారకుండా బిగించే టోర్నికే పట్టీని ఆటలో వదులుగా చుట్టాలే తప్ప కర్ర తిప్పి బిగించకూడదు.

చొక్కా మీద బ్లడ్ గ్రూప్ గుర్తు అతికించుకునే అలవాటు మన ఆటలో ఉంది. దుస్తులకు నప్పిందని తనది కాని గ్రూపు అతికించుకున్నవారిని చూశాను. దయచేసి అలా చేయకండి. మీకున్న అలర్జీలు, ఆస్తమా, మధుమేహం, వాడే మందులు, ఇంట్లోవారి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఎడమ జేబులో పెట్టుకోండి. జట్టంతా ఎడమ జేబే. మూర్ఛ ఉన్నవారు మిణుకుమనే స్ట్రోబ్ లైట్లు వాడతారేమో నిర్వాహకులను ముందే అడగాలి.

ఎండ కాలంలో మందపు బట్టలు, ప్లేటు క్యారియర్ (కవచం పలకలు పెట్టే బరువైన చొక్కా), హెల్మెట్ వేసుకుని పరుగెత్తడమంటే ఒంటి వేడి బయటికి పోయే దారులన్నీ మూసేయడమే. దాహం కోసం ఎదురుచూడకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. అయితే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణాంతకమే. ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. జోడీ తడబడుతూ నడుస్తున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయకండి, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. కిట్ విప్పేసి, చన్నీళ్లలో ముంచగలిగితే ముంచి, లేకపోతే ఒళ్లంతా తడిపి విసురుతూ ముందు చల్లబరచండి, ఆ తర్వాతే తరలించండి. చలికాలంలో దీనికి తిరగబడిన కథ నడుస్తుంది. చెమటతో తడిసిన నూలు బట్ట అర్ధరాత్రి కాపలాలో ఒంటి వేడిని పీల్చేస్తుంది. ఒక జత పొడి లోదుస్తులు, మేజోళ్లు నీరు చొరని సంచిలో వేరుగా ఉంచుకోండి, ఎంత ఆశ కలిగినా పడుకునే వేళ దాకా వాటిని తీయకండి. గుడారం లోపల స్టవ్ వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

గన్నులో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను ఇంట్లోనే, మీ కళ్లెదుట, బ్యాలెన్స్ ఛార్జరుతో నింపండి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. ఉబ్బినదాన్ని ఇంకొక్క ఆటకు వస్తుందిలే అని సంచిలో వేయకండి. కనెక్టర్లకు మూతలు పెట్టి, నలగని గట్టి పెట్టెలో తీసుకెళ్లండి. గ్యాస్ గన్నుల్లో నింపే గ్రీన్ గ్యాస్ అనేది ప్రధానంగా ప్రొపేన్, అంటే మంటకు అంటుకునేదే. దాన్ని ఎండలో నిలిపిన కారులో వదిలేయవద్దు, స్టవ్ దగ్గరికి రానీయవద్దు. పొగ డబ్బాలు, చప్పుడు చేసే గ్రెనేడ్లు నిర్వాహకులు ఒప్పుకున్నవే వాడాలి. ఎండు గడ్డిలో ఏదీ వేయకూడదు. పేలకుండా పడి ఉన్నదాన్ని ముట్టుకోకుండా గుర్తు పెట్టి మార్షల్‌కు చెప్పాలి.

రాత్రి గురించి ఒక మాట. వాహనాలున్న ఆటలో దారి పక్కన, పొడవాటి గడ్డిలో, ఆగి ఉన్న బండి కింద ఎవరూ పడుకోకూడదు. నిజమైన సైన్యాల్లోనూ ఇలా పడుకున్నవారి మీదికి బండ్లు ఎక్కిన ఘటనలు ఉన్నాయి. చీకట్లో బండి కదలాలంటే ముందు ఒక మనిషి లైటుతో నడవాలి. నైట్ విజన్ ఒంటికన్ను పరికరంలో లోతు తెలియదు, కాబట్టి గుంతలు, గట్లు పగలే చూసి పటంలో గుర్తు పెట్టుకోండి. లేజర్లను అనుమతించినా నేనైతే వాడను. గాగుల్స్ బీబీని ఆపుతాయి, లేజర్‌ను ఆపవు.

దారిలో మీరు ఆటగాళ్లని ఎవరికీ తెలియదు. గన్ను తాళం వేసిన సంచిలో, మ్యాగజైన్ వేరుగా, బ్యాటరీ తీసేసి ఉండాలి. పెట్రోలు కోసం ఆగినా సైనిక దుస్తుల్లో దిగకండి, పైన మామూలు చొక్కా వేసుకోండి. ఆట జరుగుతోందని స్థానిక పోలీసులకు తెలియజేశారా అని నిర్వాహకులను నేరుగా అడగండి. మైదానంలోకి పోలీసులే వస్తే అక్కడితో ఆట అయిపోయినట్టే. గన్ను నెమ్మదిగా నేల మీద పెట్టి, ఖాళీ చేతులు కనబడేలా నిలబడి, చెప్పినట్టు చేయండి. మన గన్ను నిజమైనది కాదన్న సంగతి ఆ క్షణంలో వారికి తెలియదు.

చివరి ప్రమాదం ఆట ముగిశాకే వస్తుంది. 24 గంటలు మేలుకున్న మనిషి పనితనం రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాడి పనితనంలాగే ఉంటుందని పరిశోధనలు చూపాయి. అలాంటి మనిషి తనకేమీ కాలేదని, ఇల్లు రెండు గంటల దూరమేనని అంటాడు. అతనితో అప్పుడు వాదించి లాభం లేదు. అందుకని మా జట్టు శుక్రవారం సాయంత్రం ఆట మొదలుకాక ముందే కారు తాళాలన్నీ ఒక డబ్బాలో వేస్తుంది. ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే కావాలి కనుక ఒక్క కారు తాళం మాత్రం ఆడకుండా శిబిరంలో ఉండే మనిషి దగ్గర ఉంటుంది. ఆదివారం ఆట ముగిశాక కాళ్లు, చంకలు, మోకాళ్ల వెనుక పిడుదులున్నాయేమో చూసుకుని, ఏదైనా తిని పడుకుంటాం. ఆరు గంటలు డబ్బా తెరవం. ఇంట్లోవాళ్లకు ఆదివారం రాత్రికి వస్తామని చెప్పం, సోమవారం ఉదయమనే చెప్పి బయలుదేరతాం.