కారణం చెప్పకుండా దుకాణం ఉద్యోగం తీసేస్తే

‘రాజీనామా రాసిచ్చి వెళ్లు’ అంటే రాయకండి. ఎక్కువమంది కేసు చెడేది ఇక్కడే: సంతకం పడితే మీరే మానేసినట్టు లెక్క. ఖాళీ కాగితం, ‘బాకీ ఏమీ లేదు’ అనే రసీదు మీదా సంతకం పెట్టకండి.

ఆంధ్ర, తెలంగాణల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు వరుసగా పనిచేసినవారిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేస్తే నెల ముందు రాతపూర్వక నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. అయిదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున సర్వీసు పరిహారం కూడా.

ఆ రోజే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్, హాజరు ఫోటోలు, ‘రేపట్నుంచి రావద్దు’ అన్న వాట్సాప్ మెసేజ్ తేదీతో సహా దాచుకోండి. ఆఫీసు మెయిల్ ఎప్పుడైనా మూసేస్తారు. తర్వాత కారణం అడుగుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు, ఉత్తరం అందినట్టు తెలిపే రుజువు భద్రపరచండి. జవాబు రాకపోతే ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ కార్యాలయంలో అప్పీలు వేయండి.