ప్రోగ్రాములు లేని నెలల్లో బేస్ గిటార్ ప్రాక్టీస్

ఆషాఢమో మూఢమో వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు, ఆర్కెస్ట్రాకి పిలుపులూ ఉండవు. బేస్ గిటార్ బ్యాగులోనే పడుంటుంది. ముందు దాన్ని బయటికి తీసి మంచం పక్కన స్టాండు మీద పెట్టండి. జిప్పు తీయడానికి బద్ధకించే సగం రోజులు మానేస్తాం.

బాగా వచ్చిన పాట ఒక్కటే తీసుకోండి. దాని టెంపో, అంటే నిమిషానికి బీట్లు, 80 అయితే ఫోన్లో మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమంటూ తాళం వేసే యాప్) 40కి పెట్టి, ఆ టిక్కులు నాలుగు బీట్ల లెక్కలో 2, 4 మీద పడేలా వాయించండి. అంటే డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ కొట్టే చోట. 1, 3 మీరే మోయాలి. మొదట్లో టిక్కు జారి 1 మీదకి వచ్చేస్తుంది. ఆగి, నోటితో లెక్కపెట్టుకుని మళ్లీ ఎత్తుకోండి. పది నిమిషాలు చాలు.

చివరి నిమిషం ఆంప్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేసి, మర్నాడు మొదలుపెట్టే ముందు వినండి. ఇయర్‌ఫోన్లలోనే వినాలి సుమా. అన్నిటికన్నా లావు తీగ, ఇ స్ట్రింగ్, దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ దాన్ని సరిగా పలికించలేదు. నిన్న ఎక్కడ తడబడ్డామో వినపడితే చెయ్యి దానంతటదే గిటార్ మీదకి పోతుంది.

కొత్త పాటకి మాత్రం ఇది పనికిరాదు. నోట్స్ ఇంకా వెతుక్కుంటుంటే సగం టిక్కులతో టెన్షనే మిగులుతుంది. పాట చేతికి ఎక్కేదాకా నాలుగు బీట్లకీ టిక్కు ఉంచుకోండి.