బ్లాక్ ఫ్రైడే అంటే ఏంటి, ఆ సేల్‌లో మనం ఎట్లా కొనాలి

నవంబర్ సగం దాటగానే ఫోన్ నిండా బ్లాక్ ఫ్రైడే మెసేజ్‌లే. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో కూడా బట్టల షాపుల వాళ్లు, మొబైల్ షాపుల వాళ్లు ఆ పేరుతో ఫ్లెక్సీలు పెట్టేస్తున్నారు. గుడ్ ఫ్రైడేకి, దీనికి ఏ సంబంధమూ లేదు. అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండుగ, ఇంటిల్లిపాదీ కూర్చుని టర్కీ కోడి తింటారు. మర్నాడు చాలామందికి సెలవే, క్రిస్మస్ కొనుగోళ్లు ఆ రోజు నుంచే ఊపందుకుంటాయి. అదే బ్లాక్ ఫ్రైడే.

తారీఖు కనుక్కోవడంలో చాలామంది పొరబడతారు. నాలుగో శుక్రవారమో, చివరి శుక్రవారమో అని లెక్కేయకండి, నాలుగో గురువారం పట్టుకుని ఒక రోజు కలపండి. 2018లో నవంబర్ 1 గురువారం పడింది కాబట్టి బ్లాక్ ఫ్రైడే 23నే వచ్చేసింది, చివరి శుక్రవారం మాత్రం 30. 2024లో 29న, అంటే ఐదో శుక్రవారం వచ్చింది. ఏ ఏడాదైనా 23కి, 29కి మధ్యలోనే ఉంటుంది, 2026లో 27. న్యూయార్క్‌లో ఆ శుక్రవారం మొదలయ్యేసరికి మనకు పొద్దున పదిన్నర అవుతుంది.

ఇక పేరు సంగతి. 1869 సెప్టెంబర్ 24న న్యూయార్క్ బంగారం మార్కెట్ కుప్పకూలినప్పుడు ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అన్నారు. జే గౌల్డ్, జేమ్స్ ఫిస్క్ అనే ఇద్దరు బంగారం పోగేసి ధర పెంచబోతే ప్రభుత్వం తన బంగారం అమ్మకానికి పెట్టింది, ధర ఢమాల్. షాపింగ్‌కి దానితో సంబంధం లేదు. ఇప్పటి అర్థం 1950లు, 60లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర పోలీసులది. పండుగ మర్నాడు చుట్టుపక్కల జనమంతా కొనుగోళ్లకు ఊరి మీద పడేవాళ్లు, శనివారం ఆర్మీ–నేవీ ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం వచ్చేవాళ్లు వేరే, ట్రాఫిక్ జామ్, సెలవు దొరకదు, డబుల్ డ్యూటీ. వాళ్లు తిట్టుకుంటూ పెట్టిన పేరు అది. వ్యాపారులకు నచ్చక 1961లో ‘బిగ్ ఫ్రైడే’ అని మార్చబోయారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఎర్ర సిరా నష్టం, నల్ల సిరా లాభం, ఆ రోజుతో షాపులు లాభంలోకి వస్తాయి అనే కథ 1980లలో ప్రచారంలోకి వచ్చింది. వినడానికి బాగుంటుంది, వ్యాపారులకూ పనికొచ్చింది, అందుకే నిలిచింది. బానిసలను ఆ రోజు తక్కువ ధరకు అమ్మేవాళ్లని వాట్సాప్‌లో తిరిగేది పచ్చి అబద్ధం: అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది, పండుగ మర్నాటికి ఈ పేరు వచ్చింది దాదాపు తొంభై ఏళ్ల తర్వాత.

మన దగ్గర ఆషాఢం సేల్‌కి ఒక కారణం ఉంది, ఆ నెలలో పెళ్లిళ్లుండవు, గిరాకీ ఉండదు, షాపులో సరుకు కదలాలి. బ్లాక్ ఫ్రైడేకి ఇక్కడ అట్లాంటి కారణం ఏదీ లేదు, పైగా దసరా, దీపావళి ఆఫర్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. కాబట్టి పేరు చూసి తొందరపడకండి. కొనాలనుకున్న వస్తువు అసలు ఎంతకు అమ్ముతున్నారో అక్టోబర్ నుంచే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎమ్మార్పీ మీద డెబ్బై శాతం తగ్గింపు అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే అది గరిష్ఠ ధర మాత్రమే, మామూలు రోజుల్లో కూడా ఎవరూ అంతకు అమ్మకపోవచ్చు. నో కాస్ట్ ఈఎంఐ అంటే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంతవుతుందో చూడండి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఉత్తుత్తి తొందర పెట్టడం, అడగని వస్తువు కార్ట్‌లో కలిపేయడం 2023లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే వెబ్‌సైట్, యాప్ ఎత్తుగడలు) మార్గదర్శకాల ప్రకారం నిషేధం. అట్లా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. గద్వాల, నారాయణపేట చీరల కోసమైతే ఈ శుక్రవారం దాకా ఆగడం దండగ, నేరుగా నేతన్న దగ్గరికే వెళ్లండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి నుంచే తెప్పించుకుంటారు కదా, వాళ్లకు రెండు మాటలు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ల్యాప్‌టాప్ చార్జర్ మీద 100–240 అని ఉంటే పర్వాలేదు, ప్లగ్ మారిస్తే చాలు. మిక్సీ, హెయిర్ డ్రయర్ లాంటివి కాలిపోతాయి, వద్దనండి. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే మోడళ్లలో సిమ్ పెట్టే చోటే ఉండదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే, కాబట్టి అమ్మానాన్నల పాత సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకోవడం కుదురుతుందో లేదో ఇక్కడ కనుక్కున్నాకే ఆర్డర్ పెట్టమనండి.