ఎండలు ముదిరాయని టైర్లలో గాలి తగ్గించకండి

ఎండలు ముదిరితే మన జిల్లా పేజీలో ఒక వార్త తప్పదు. టైరు పేలింది, కారు డివైడర్ దాటి బోల్తా పడింది. ఈ వారం మళ్ళీ చదివాం. సెలవులు వచ్చేశాయి. అనంతపురం నుంచి హైదరాబాదుకు, కడప నుంచి తిరుపతికి పిల్లాపాపలతో కార్లు బయలుదేరుతున్నాయి.

ఆయిల్, కూలెంట్, బ్రేకులు చూపించుకోమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. నా బాధంతా గాలి గురించే.

పంచర్ షాపులో ఎప్పుడూ వినే మాట ఇది: "ఎండలు మండుతాండాయి కదన్నా, రెండు మూడు తగ్గించి పెడ్తా." మనమూ సరే అంటాం. వేడికి గాలి ఉబ్బి టైరు పేలుతుందని ఇద్దరి భయమూ. నిజానికి ఎక్కువగా పేలేది గాలి తగ్గిన టైరే. గాలి చాలకపోతే టైరు పక్కలు జారి, చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తాయి. ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. నలభై మూడు డిగ్రీల ఎండ, చెయ్యి పెట్టలేని తారు, కారు నిండా మనుషులు, వంద వేగం. లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అలా నడిచిన టైరును రిమ్ము నుంచి ఊడదీసి చూడండి, లోపలినుంచి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. పైన గాడులు కొత్తవాటిలా ఉన్నా సరే, ఆ టైరు పని అయిపోయినట్టే.

గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల. నిండు బరువుకు వేరే అంకె ఉంటే అదే పెట్టించండి. టైరు మీద ఉండే 44, 51 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) లాంటివి టైరు తట్టుకునే హద్దు, అంత నింపమని కాదు. రాత్రంతా నిలిపిన బండికి, ఎండ తగలకముందే కొలిపించండి. దారిలో అమకతాడు టోల్ దగ్గర ఆగి చూస్తే నాలుగైదు ఎక్కువే చూపిస్తుంది. కంగారుపడి వదలొద్దు. వేడికి అంత పెరుగుతుందని తెలిసే ఆ కొలత ఇచ్చారు. అక్కడ వదిలితే చల్లారాక గాలి చాలదు. మళ్ళీ చెప్తున్నా, ఎండ చూసి గాలి తగ్గించొద్దు.

అరుగుదల కూడా చాలా సంగతులు చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య గాడులు నిలిచి ఉంటే గాలి తక్కువతో తిరిగిన బండి. ఒక పక్కే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పినట్టు. గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు వాటితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు. వానాకాలం దాకా ఆగుదామనుకోకండి.

ఇక వయసు. టైరు పక్కన DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. కారు తక్కువ తిరిగింది, గాడులు బాగున్నాయి అని ఏడెనిమిదేళ్ళ టైరును హైవే ఎక్కించొద్దు. ఎండకు పక్కలు సన్నగా పగుళ్ళిస్తాయి. పక్కన ఉబ్బు కనిపిస్తే ఆ రోజే తీసేయండి.

స్టెప్నీలో గాలి చూడండి. దాని వయసూ చూడండి.
జాక్, వీల్ పానా ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.
టైరు పక్కభాగానికి పంచర్ వేయించొద్దు.
రెండు టైర్లే కొంటే కొత్తవి వెనక్కి.
నైట్రోజన్ నింపామని కొలవడం మానొద్దు.
డాష్‌బోర్డు మీద టైరు లైటు వెలిగితే వచ్చే ఊరిదాకా పోదామనుకోవద్దు. ఆపండి.
డిక్కీలో బియ్యం మూటలు, పైన క్యారియర్, లోపల ఏడుగురు వద్దు.
తెల్లారుజామున బయలుదేరండి, పదకొండుకల్లా ఎక్కడో నీడకు చేరండి.
గువ్వలచెరువు ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగొద్దు.
వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టాల్సిందే.
పంచర్ షాపతను ఏమన్నా సరే, గాలి తగ్గించొద్దు.
టైరు పేలితే బ్రేకు మీదికి దూకొద్దు. స్టీరింగ్ రెండు చేతులా బిగించి పట్టుకోండి, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి, వేగం పడిపోయాకే ఎడమకు తిప్పండి. బండి ఆగాక పిల్లల్ని రోడ్డు వైపు దించొద్దు.