కుక్కకు హెర్నియా: ఉబ్బు ఎక్కడుందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది

హెర్నియా అంటే కండరాల్లోని రంధ్రం గుండా లోపలి కొవ్వో, పేగో, మరో అవయవమో జారి బయటికి రావడం. ముందు ఎమర్జెన్సీ లక్షణాలు. ఉబ్బు గట్టిపడి, ఎర్రగానో నీలంగానో మారి, ముట్టుకుంటే కుక్క అరుస్తోందా? వాంతులు కూడా ఉన్నాయా? పేగు ఇరుక్కుని రక్తం ఆగిపోతూ ఉండొచ్చు. వేళ్లతో లోపలికి నెట్టొద్దు, తిండి పెట్టొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అస్సలు ఇవ్వొద్దు.

సమస్య: పిల్లకుక్క బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు
కారణం: పుట్టాక బొడ్డు రంధ్రం పూర్తిగా మూసుకోలేదు. చాలాసార్లు బయటికి వచ్చేది కాస్త కొవ్వే.
పరిష్కారం: చిన్నదైతే ఆరు నెలల వయసు దాకా చూడొచ్చు. అప్పటికీ మూసుకోకపోతే స్టెరిలైజేషన్ ఆపరేషన్‌లోనే కుట్టించేస్తే ఒకే మత్తుతో రెండు పనులూ అయిపోతాయి. వేలు దూరేంత రంధ్రమైతే ఆగొద్దు, పేగు జారొచ్చు. రూపాయి బిళ్ల పెట్టి ప్లాస్టర్ వేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. దానివల్ల చర్మం ఒరిసి పుండు పడటమే తప్ప రంధ్రం మూసుకోదు.

సమస్య: ఆడకుక్కకు గజ్జల్లో ఉబ్బు
కారణం: గజ్జల దారి వదులవడం. అందులోకి గర్భసంచి కూడా దిగొచ్చు.
పరిష్కారం: ఆపరేషనే. ఈలోపు క్రాసింగ్ చేయించొద్దు.

సమస్య: మలద్వారం పక్కన ఉబ్బు, ముక్కుతున్నా విరేచనం రాకపోవడం
ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మలబద్ధకమనుకుని ఆముదం, గుమ్మడికాయ పెడుతూ వారాలు గడిపేస్తారు.
కారణం: మలద్వారం చుట్టూ ఉండే కండరాలు బలహీనపడి, పేగు చివరి భాగం పక్కకు వంగి సంచిలా తయారవుతుంది. మలం అక్కడ పేరుకుపోతుంది. స్టెరిలైజ్ చేయని, వయసు మీదపడిన మగకుక్కల్లోనే ఇది ఎక్కువ. మూత్రాశయం దగ్గరుండే ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి ఉంటే ముక్కడం ఇంకా పెరుగుతుంది. అసలు భయపడాల్సింది మూత్రాశయం తిరగబడి ఆ సంచిలోకి వచ్చినప్పుడు. మూత్రం ఆగిపోయిందంటే తెల్లారేదాకా చూడకూడదు.
పరిష్కారం: మూత్రం ఆగితే ముందు దాన్ని తీయించాలి, ఆ తర్వాత ఆపరేషన్. రంధ్రం అంచులను లాగి కుడితే చాలదు, ఆ కండరాలు ముందే పలచబడి ఉంటాయి. అందుకే కటి ఎముక మీది ఇంటర్నల్ ఆబ్ట్యురేటర్ అనే కండరాన్ని లేపి, రంధ్రానికి అడ్డుగా కుట్టే పద్ధతి మేలు. 'ఏ పద్ధతిలో చేస్తారు? ఇదివరకు చేశారా?' అని డాక్టర్‌గారిని అడగడానికి మొహమాటపడొద్దు. అదే రోజు వృషణాలు కూడా తీయించాలి. ఇంత చేసినా కొన్నింటికి మళ్లీ రావచ్చు, రెండో పక్కన కూడా రావచ్చు.

సమస్య: బండి గుద్దాకో, బాల్కనీ నుంచి పడ్డాకో ఎగశ్వాస
కారణం: ఛాతీకి, పొట్టకు మధ్య పొర చిరిగి కాలేయం, పేగులు పైకి వెళ్లడం. బయట ఉబ్బేమీ కనిపించదు. కొన్ని కుక్కలు వారాలపాటు మామూలుగానే తిరిగి తర్వాత ఇబ్బందిపడతాయి.
పరిష్కారం: ఎక్స్‌రే, ఆక్సిజన్, కుదుటపడ్డాక ఆపరేషన్. మత్తులో ఊపిరిని యంత్రంతోనో చేత్తోనో అందించాలి కాబట్టి అన్ని క్లినిక్కుల్లో కుదరదు. హైదరాబాద్‌లో అయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. ఎక్కడికైనా సరే, బయల్దేరే ముందు ఫోన్ చేసి సర్జన్ ఉన్నారో లేదో కనుక్కోండి. ట్రాఫిక్‌లో వెళ్లేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టొద్దు.

ఇంటికి తెచ్చాక
కుట్లు మానే 10 నుంచి 14 రోజులు మెడకు కోన్ తీయొద్దు. జాలిపడి తీస్తే అరగంటలో కుట్లు నాకి విప్పేస్తుంది. మెట్లు, సోఫా ఎక్కడం బంద్, లిఫ్టు లేకపోతే ఎత్తుకెళ్లాలి. మలద్వారం దగ్గర ఆపరేషనైతే విరేచనం మెత్తబడటానికి డాక్టర్ రాసిన సిరప్ మానొద్దు, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. కుట్ల దగ్గర చీము, వాసన, కొత్తగా వాపు కనిపిస్తే ఆ రోజే చూపించండి.