అణు కేంద్రంలో పనికి ముందు పోలీస్ వెరిఫికేషన్: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తెలుసుకోవాల్సినవి

అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లోనో, అణు పరిశోధన సంస్థ బార్క్‌లోనో ఉద్యోగం వచ్చినా, కల్పాక్కం, కూడంకుళం, కైగా లాంటి అణు కేంద్రాలకు కాంట్రాక్టు మీద వెల్డరుగా, ఫిట్టరుగా, హెల్పరుగా వెళ్లినా, లోపల అడుగు పెట్టే ముందు మన పూర్వాపరాల విచారణ తప్పదు. రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన వచ్చాక మన జిల్లాల కుర్రాళ్లు దీని గురించి ఇంకా ఎక్కువగా అడుగుతున్నారు.

అన్నిటికంటే ముందు ఒక విషయం. పర్మనెంటు ఉద్యోగమైతే ఈ క్లియరెన్సుకు మీ అంతట మీరు దరఖాస్తు పెట్టుకునే కౌంటరు ఎక్కడా ఉండదు. మిమ్మల్ని ఎంపిక చేసిన సంస్థే మీ వివరాలు మీ జిల్లాకు పంపి విచారణ చేయించుకుంటుంది. క్లియరెన్సు ముందే తెప్పించి పెడతామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. పైసా ఇవ్వకండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అణు పదార్థం దగ్గర ప్రమాదం గోడ దూకి వచ్చేవాడి వల్లే కాదు, గేటు పాస్ ఉన్నవాడి వల్ల కూడా రావచ్చు. 2009 నవంబరులో కైగాలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న భారజలం (రియాక్టర్లలో వాడే ప్రత్యేకమైన నీరు) కలిసింది. ఆ నీళ్లు తాగిన పదుల మంది సిబ్బంది ఒంట్లోకి ట్రిటియం చేరిన సంగతి మూత్ర పరీక్షల్లో బయటపడింది. లోపలివాళ్ల పనేనని అప్పుడు అధికారులు అనుమానించారు. తోటి పనివాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి ఈ విచారణను నేను వేధింపుగా చూడను.

ఫారం నింపేటప్పుడు

నియామకం సమయంలో అటెస్టేషన్ ఫారం ఇస్తారు. అందులో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త వివరాలు, వాళ్లు పుట్టిన ఊళ్లు, 15వ ఏటి నుంచి చదివిన బడులు, కాలేజీలు, చేసిన ఉద్యోగాలు రాయాలి. గెజిటెడ్ అధికారి, తహసీల్దారు లాంటి వారు మీరు ఫలానా అని ధ్రువీకరించాలి. మన ఇంటిపేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఒకలా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటం మామూలే. ఫారం చేతికి రాకముందే సరిచేయించుకోండి.

మన దగ్గర ఎక్కువగా తికమక పెట్టేది చిరునామా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉండే రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని మండలాలతోపాటు విజయనగరంలో ఉండే పార్వతీపురం, సాలూరు, కురుపాం కూడా పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. పాత సర్టిఫికెట్ చూసి రాజాం కుర్రాడు శ్రీకాకుళం జిల్లా అని రాస్తే కాగితం తప్పు ఎస్పీ ఆఫీసుకు పోయే ప్రమాదం ఉంది. ఇప్పటి జిల్లా, ఇప్పటి పోలీసు స్టేషన్ రాసి, పక్కనే పాత జిల్లా పేరు కూడా పెట్టండి.

గత ఐదేళ్లలో ఒకచోట ఏడాదికి మించి ఉంటే ఆ చిరునామా కూడా ఇవ్వాలి. వలసలే బతుకుగా ఉన్న మన ఊళ్లకు ఇది పెద్ద విషయం. గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల వేటకు ఉన్నా, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసినా రాయాల్సిందే. అక్కడి పోలీసుల నుంచి కూడా జవాబు రావాలి కాబట్టి ఆలస్యం అవుతుంది. అలా అని ఆ కాలాన్ని దాచేసి సొంతూళ్లోనే ఉన్నానని రాయకండి.

కేసులు ఉంటే

అందరూ భయపడేది ఈ గడికే. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, జరిమానా పడిందా, కేసు నడుస్తోందా అని విడివిడిగా అడుగుతారు. కేసు కొట్టేశారు కదా, లోక్ అదాలత్‌లో రాజీ అయింది కదా అని చాలామంది ‘లేదు’ అని రాసేస్తారు. కొంప ముంచేది అదే. అడిగింది శిక్ష పడిందా అని ఒక్కటే కాదు, అరెస్టు అయ్యారా అని కూడా. స్టేషన్ రికార్డులో ఆ పేరు ఉంటుంది.

2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్నవాళ్లపై పోలీసు కాల్పులు జరిగిన ప్రాంతం మనది. భూమి కోసం నిలబడి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో. మీ పేరు మీద అలాంటి కేసు ఉంటే సిగ్గుపడకుండా రాయండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టు తీర్పు నకలు జత చేయండి. పొట్టకూటి కోసం వేటకు వెళ్లి పొరుగు దేశం చెరలో ఉండి వచ్చిన మత్స్యకారులూ ఆ నిర్బంధం సంగతి చెప్పాలి. అందులో వాళ్ల తప్పేమీ లేదని విడుదల కాగితాలే చెబుతాయి.

2016 జులైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని విడమరిచి చెప్పింది. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసు దాచినా యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చు. అయితే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, పూర్వాపరాలు పరిశీలించే హక్కు యాజమాన్యానికి ఉంటుంది. నిజం చెప్పినవాడికి వాదించుకోవడానికి కాళ్ల కింద నేల ఉంటుంది. దాచినవాడికి చాలాసార్లు అదీ మిగలదు. ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టు జరిగినా వెంటనే సంస్థకు తెలియజేయాలి.

కాంట్రాక్టు పనివాళ్లు

వీళ్లకు గేటు పాస్ కాంట్రాక్టరు ద్వారా వస్తుంది. పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్ తెమ్మంటే మీసేవలో దరఖాస్తు చేయండి. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ విదేశాలకు వెళ్లేవాళ్లకు, దీనికి పనికిరాదు. విచారణకు పోలీసులు ఇంటికి వస్తే మీరు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పేలా ఇంట్లోవాళ్లకు ముందే తెలియజేయండి.

క్లియరెన్సు వచ్చాక వైద్య పరీక్ష, రేడియేషన్ భద్రత శిక్షణ ఉంటాయి. 18 ఏళ్లు నిండనివాళ్లను ఈ పనిలో పెట్టకూడదు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు. అణు భద్రతను పర్యవేక్షించే ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఇంతకుముందు వేరే కేంద్రంలో చేసి ఉంటే అక్కడి డోసు రికార్డు తప్పకుండా చెప్పండి. పాత లెక్క కలపకపోతే పరిమితి దాటిన సంగతి మీకే తెలియదు.